టార్చి సెల్లు, పత్తికట్టె, వీడియో గేము

వీడియో గేము కొనిపించుకోవడం పెద్ద పని కాదు, దాన్ని నడుపుకోవడమే పెద్ద పని. 1990ల చివర మా ఊరు తుళ్లూరులో ఏ పిల్లవాణ్ణి అడిగినా ఈ మాటే చెప్పేవాడు. శివరాత్రికి అమరావతి తిరనాళ్లలోనో, బెజవాడ బీసెంట్ రోడ్డు పక్కన తోపుడుబండ్ల మీదో గట్టిగా బేరమాడితే చేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా వచ్చేది. దానిమీద 9999 ఆటలని అచ్చేసి ఉండేది. లోపల ఉన్నవి పట్టుమని పదో పన్నెండో. వేగం మార్చి, లెవెలు మార్చి అంకె పెంచారు. పైనుంచి ఇటుకలు పడటం, పాము, ట్యాంకులు, కారు, రోడ్డు దాటే కప్ప. అడ్డం 10 గళ్లు, నిలువు 20 గళ్లు, ఆ రెండొందల గళ్లలోనే లోకమంతా. ఆ ఇటుకల ఆట 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రాసిన టెట్రిస్ అనీ, దాన్ని చైనాలో ఎవరినీ అడక్కుండా కాపీ కొట్టి మా తిరనాళ్ల దాకా తోలారనీ మాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. తెలిసినా చేసేదేం లేదు. మా దిగులు రష్యా గురించి కాదు, సెల్లు గురించి.

ఆ డబ్బాకు రెండు పెన్సిల్ సెల్లు కావాలి. డబ్బా కొనిచ్చిన నాన్న సెల్లు కొనివ్వడు. జత సెల్లు డబ్బులతో ఒకపూట కూరగాయలు వస్తాయని అమ్మ లెక్క. ఇంట్లో సెల్లుకు ఒక వరస ఉండేది: ముందు టార్చికి, తరవాత గోడ గడియారానికి, ఆపైన తాతయ్య వార్తలు వినే రేడియోకి. వీడియో గేము ఆ వరసలోనే లేదు. గడియారం ఆగిపోయిందంటే ఎవరూ గడియారం వైపు చూసేవాళ్లు కాదు, నేరుగా మమ్మల్ని పిలిచేవాళ్లు.

కిరాణా కొట్టులో ఎక్కువగా దొరికేది నిప్పో. నెల్లూరులో తయారయ్యే సెల్లు అవి, జపాన్ మత్సుషిత కంపెనీ సహకారంతో 1970ల్లో మొదలైన ఫ్యాక్టరీ. ఎవరెడీ కూడా ఉండేది. ఎక్కువ కాలం వచ్చే ఆల్కలైన్ సెల్లు పట్నంలో దొరికేవి గానీ వాటి ధర విని వెనక్కి రావడమే. అందుకని ఉన్న సెల్లును చివరిదాకా పిండుకునే విద్యలు ఊళ్లో పుట్టాయి. అయిపోయిన సెల్లును డాబా మీద ఎండలో పెట్టేవాళ్లం. పంటితో కొరికి సొట్టలు పెట్టేవాళ్లం. పెద్దవాళ్లు నవ్వేవాళ్లు గానీ ఇందులో కొంత నిజముంది. మామూలు జింకు సెల్లు వాడకం ఆపి కాసేపు విశ్రాంతినిస్తే, వెచ్చబడితే, లోపల ఆగిపోయిన రసాయన చర్య మళ్లీ కొద్దిగా సాగుతుంది. ఒక ఆటకు సరిపడా కరెంటు పుడుతుంది. ఆ ఒక్క ఆట కోసమే మధ్యాహ్నమంతా సెల్లును ఇటూ అటూ పొర్లిస్తూ డాబా మీద కూర్చునే వాళ్లుండేవారు. కొరకడం మాత్రం చెడ్డ అలవాటు. నోట్లోకి కారితే నాలుక కాలుతుంది.

అసలు విద్య మిరపకల్లంలో నేర్చుకున్నాం. జనవరి దాటాక కాయ కోతకొచ్చేది. లాం వ్యవసాయ పరిశోధన ఫారంలో పుట్టిన 334 రకం మిరప అప్పట్లో మా చుట్టుపక్కల చాలా వేశారు. కోసిన కాయను కల్లంలో పరిచి, రోజూ తిరగబోసి, తాలుకాయ ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు తోలేదాకా రాత్రుళ్లు కాపలా ఉండాల్సిందే. దొంగల భయం ఒకటి, అకాల వాన భయం రెండు. మబ్బు పట్టిందంటే అర్ధరాత్రి లేచి పట్టాలు కప్పాలి. మగపిల్లలం నాన్న వెంట పోయి కల్లంలోనే పడుకునేవాళ్లం. నులకమంచం, హరికేన్ లాంతరు, తలగడ కింద మూడు సెల్లుల టార్చి. చదువుకునే పని లేని రాత్రులవి, వీడియో గేముకి అంతకంటే అదను ఉండేది కాదు.

మా కళ్లన్నీ ఆ టార్చి మీదే. టార్చిలో వేసే లావు సెల్లు ఒకటిన్నర వోల్టే, పెన్సిల్ సెల్లూ ఒకటిన్నర వోల్టే. ఒత్తిడి ఒకటే, లోపలి సరుకే తేడా, లావు సెల్లులో ఆరేడు రెట్లు ఎక్కువ పడుతుంది. అంటే టార్చి సెల్లు రెండు వరసగా కలిపి ఆ కరెంటును గేములోకి తేగలిగితే చాలు, కోతలు అయ్యేదాకా ఆడుకోవచ్చు. తేవడం ఎలా అన్నదానికి జవాబు చేలోనే దొరికింది. పత్తి ఏరడం అయిపోయాక మిగిలే ఎండుకట్టెలో పెన్సిల్ సెల్లంత మందం ఉన్న ముక్క చూసి, సెల్లు పొడుగున కోసి, గరుకు పోయేదాకా గీకేవాళ్లం. అలాంటివి రెండు. ఒక్కోదానికి ఒక కొసన బొటనమేకు గుచ్చి, మేకు తల కింద తీగ బిగించాలి. ఒక ముక్క మేకు గేములో ప్లస్ రేకును తగలాలి, రెండోదాని మేకు మైనస్ రేకును. తీగల రెండో కొసలు టార్చి సెల్లుకు పోతాయి. ఆ సెల్లు రెండూ కదలకుండా బోరుగొట్టం ముక్కలో దూర్చి రెండువైపులా సైకిల్ ట్యూబు రబ్బరుతో కట్టేవాళ్లం. చూడటానికి ఏదో పేలుడు సామానులా ఉండేది. ఇప్పుడు దాన్ని పట్టుకుని బస్సెక్కితే దింపి పోలీసులకు అప్పగిస్తారు.

తీగలు చుట్టి ఊరుకుంటే ఆట మధ్యలో ఊడిపోయేవి. ఊడిందంటే స్కోరు పోయినట్టే, ఆ డబ్బాల్లో స్కోరు దాచుకునే ఏర్పాటు లేదు. అందుకని సెంటర్లో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి పోయి లెడ్డు పెట్టించుకునేవాళ్లం. ఆయన డబ్బులు అడిగేవాడు కాదు, తన వంతు ఒక ఆట ఆడి ఇచ్చేవాడు. ఆయన దగ్గరే బ్యాటరీ ఎలిమినేటర్ కూడా చూశాం: గోడ ప్లగ్గుకి పెట్టి, మీటతో 3, 6, 9 వోల్టులు మార్చుకునే డబ్బా. కానీ కరెంటుతో నడిచే సామాను తుళ్లూరులో మాకెందుకు? ఆడుకోవాలనిపించే సాయంత్రం ఏడింటికే కరెంటు పోయేది. ఉన్నా లో వోల్టేజీ. మోటార్లకిచ్చే త్రీఫేజు ఒక వారం పగలైతే ఇంకో వారం రాత్రి, అది వచ్చినప్పుడు నాన్న టార్చి తీసుకుని చేలోకి పోవాల్సిందే.

తగువంతా అక్కడే వచ్చేది. రాత్రి రెండింటికి మోటారు వెయ్యడానికి లేచిన నాన్న టార్చి నొక్కితే వెలగదు. "సెల్లేమైనయ్యిరా?" అన్న కేక పక్క కల్లాల్లోకి కూడా వినపడేది. ఆ కేక మా ఇంటిదే కాదు, సీజనంతా ఏదో ఒక కల్లంలోంచి వినిపిస్తూనే ఉండేది. కొందరు తండ్రులు సెల్లు మీద మేకుతో గుర్తు గీసి పెట్టేవాళ్లు, పాతవి టార్చిలో పెట్టి కొత్తవి లాగేసే పిల్లల్ని పట్టుకోవడానికి. పురుగూ పుట్రా తిరిగే నల్లరేగడి గట్ల మీద చీకట్లో నడవడం ఆటకాదని ఆ వయసులో మాకు తట్టేది కాదు.

సెల్లు తరవాతి గోల వెలుతురు. ఆ గేముల తెరకు లోపల దీపం ఉండదు, పక్కనుంచి వెలుగు పడితేనే బొమ్మ కనపడుతుంది. లాంతరు దగ్గర పెడితే పురుగులు రాలేవి, దూరం పెడితే గళ్లు కనపడేవి కావు. తాతయ్య పంచాంగం చూసుకునే భూతద్దాన్ని రబ్బరుతో తెరమీద కట్టి చూశాం. గళ్లు పెద్దవయ్యాయి, లాంతరు మంట కూడా అందులో పెద్దదై కళ్లలో పడింది. ఇక కారం సంగతి వేరే చెప్పాలా? కాయ ఏరిన చేతులతో ఆడి, ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటే ఆ రాత్రికి నిద్ర లేదు. అందుకని గేముని ఎరువుల బస్తా లోపలుండే పాలిథిన్ కవరులో చుట్టి, పైనుంచి మీటలు నొక్కేవాళ్లం. దుమ్మూ పోలేదు, కారమూ పోలేదు. కవరు మాత్రం అరిగి తెల్లబడి, చివరికి తెర మసకబారింది.

ఇక్కడే బయటి ప్రపంచాన్ని ఒకసారి చూడాలి. మేం పత్తికట్టెతో, సైకిల్ ట్యూబుతో చేసుకున్నవన్నీ అట్టపెట్టెల్లో అమ్మే వ్యాపారం అప్పటికి పదేళ్లుగా అమెరికాలో, జపాన్‌లో సాగుతోంది. నింటెండో గేమ్‌బాయ్ 1989 ఏప్రిల్‌లో జపాన్‌లో విడుదలైంది. నాలుగు పెన్సిల్ సెల్లు, నాలుగే ఛాయల తెర, లోపల దీపం లేదు. దాన్ని తయారుచేయించిన గున్‌పే యొకోయి కావాలనే దీపం పెట్టలేదు. పాతబడి చవకైన విడిభాగాలు వాడాలి, సెల్లు ఎక్కువసేపు రావాలి అన్నది ఆయన పట్టుదల. పోటీకొచ్చిన అటారి లింక్స్‌కీ, సెగా గేమ్‌గేర్‌కీ రంగుల తెరలున్నాయి, దీపాలున్నాయి. అవి ఆరేసి సెల్లు మింగి నాలుగైదు గంటల్లో చల్లబడేవి. యొకోయి గేమ్‌బాయ్ ఆ రెంటినీ మట్టి కరిపించింది. ఆయన 1997లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. తుళ్లూరు పేరు ఆయన విని ఉండడు, కానీ మాలాంటి ఊరికి సరిపోయే యంత్రం ఎలా ఉండాలో ఆ కంపెనీల్లో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే.

ఆయన వదిలేసిన ప్రతి ఖాళీలోనూ ఎవరో ఒకరు ఒక సామాను దూర్చి డబ్బు చేసుకున్నారు. దీపం లేదు కాబట్టి తెరకు తగిలించే లైట్‌బాయ్ వచ్చింది. భూతద్దం, రెండు బల్బులు, వాటికి మళ్లీ వేరే రెండు సెల్లు. సెల్లు అయిపోతాయి కాబట్టి నడుముకు తగిలించుకునే ఛార్జింగు ప్యాకు. ఇద్దరు కలిసి ఆడుకోవడానికి లింకు తీగ. ఆటలో మోసం చెయ్యడానికి గేమ్ జీనీ. 1998లో కెమెరా వచ్చింది, క్యాసెట్టు పెట్టే చోటే దాన్ని గుచ్చి 30 నలుపు తెలుపు ఫొటోలు దాచుకోవచ్చు. ఆ ఫొటోలు వేడితో నల్లబడే చిన్న కాగితపు చుట్ట మీద అచ్చేసే ప్రింటరు కూడా, దానికి ఇంకో ఆరు సెల్లు. అదే ఏడాది బందాయ్ కంపెనీ జపాన్‌లో నీళ్లల్లో చేప ఎక్కడుందో చెప్పే సోనార్ అమ్మింది. 20 మీటర్ల లోతు దాకా చూపిస్తుందన్నారు. మా దగ్గరి రాయపూడి రేవులో వలేసేవాళ్లకు అది చూపిస్తే ఏమనేవాళ్లో నాకు తెలుసు గానీ రాయలేను. 2000 ప్రాంతంలో సింగర్ కంపెనీ గేమ్‌బాయ్‌తో నడిచే కుట్టుమిషను కూడా తెచ్చింది, ఎవరూ పెద్దగా కొనలేదు. ఈ జాబితా చూస్తే నాకు ఒకటి అనిపిస్తుంది. కుట్టుమిషను, చేపల సోనార్ లాంటివి ఉన్నవాడి సరదాలు, వచ్చిన దారినే పోయాయి. దీపం, సెల్లు, తీగ మాత్రం లోటు పూడ్చడానికి పుట్టినవి. వాటికి అమెరికాలో అయినా కల్లంలో అయినా గిరాకీ ఒకటే.

అసలు గేమ్‌బాయ్ తుళ్లూరుకి బావతో వచ్చింది. మేనత్త కొడుకు. వై2కె కంప్యూటర్ పనుల ఊపులో మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి అమెరికా పోయిన ఇంజనీర్లలో ఒకడు. మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు సూట్‌కేసులోంచి లోపలి పచ్చబోర్డు కనపడే ఊదారంగు గేమ్‌బాయ్ కలర్ తీశాడు. దానితోపాటు ఒక జిప్పుసంచి: అందులో వార్మ్ లైటు, లింకు తీగ, వింత జంతువుల్ని పట్టి చేర్చుకునే పోకెమాన్ ఆట ఎర్ర క్యాసెట్టు. సంచి చూసి మేం గేము కంటే ఎక్కువ సంబరపడ్డాం. ఇంత కష్టపడి చేసుకున్నవాటికి పేర్లున్నాయి, పెట్టెలున్నాయి, కొలత ప్రకారం కోసిన స్పాంజి ఉంది!

వార్మ్ లైటు అంటే సన్నగా వంగే మెడ, చివర చిన్న బల్బు. దానికి వేరే సెల్లు అక్కర్లేదు, గేములోంచే కరెంటు లాక్కుంటుంది. మంచిదే అనుకున్నాం. రెండు రాత్రుల్లోనే దాని బుద్ధి బయటపడింది. ఒకటి, లోపలి రెండు సెల్లును తొందరగా తాగేసేది. రెండు, అది గుచ్చుకునేది లింకు తీగ పెట్టే కంతలోనే. దీపం పెడితే జోడీ లేదు, జోడీ కావాలంటే దీపం లేదు. మూడు, బల్బు వెలుగు తెరమీద తెల్ల చుక్కలా పడి సరిగ్గా దానికిందే ఆట కనపడేది కాదు. మెడను ఎటు వంచినా ఆ చుక్క జరుగుతుందే గానీ పోదు. ఇంత డబ్బు పెట్టి కొన్నదీ తాతయ్య భూతద్దమూ ఒకే పని చేశాయని తేల్చుకున్నాక దాన్ని పక్కన పెట్టాం. పత్తికట్టె సెల్లు మాత్రం గేమ్‌బాయ్ కలర్‌కు కూడా అతికినట్టు సరిపోయాయి. దానికీ కావాల్సింది మూడు వోల్టులే.

లింకు తీగ కథ ఇంకా బాగుంటుంది. తీగకు రెండు కొసలుంటాయి, మాకు ఒక్క గేమ్‌బాయే. ఆ తీగ చాలాకాలం వంటింటి గోడ మేకుకు వేలాడింది. తరవాత ఎవరో చెప్పారు, పెదపరిమిలో ఒక ఇంటికి కూడా అమెరికా నుంచి గేమ్‌బాయ్ వచ్చిందని. మా అదృష్టం, వాళ్ల దగ్గరున్నది నీలం పోకెమాన్. ఎర్ర క్యాసెట్టులో దొరకని జంతువులు కొన్ని నీలంలో ఉంటాయి, నీలంలో లేనివి ఎర్రదానిలో. మొత్తం 151 చేరాలంటే ఇంకొకడితో మార్పిడి చేసుకోక తప్పదు. కొన్నయితే తీగలోంచి అవతలి గేములోకి దాటితేనే తరవాతి రూపం ఎత్తుతాయి, ఎంత ఆడినా ఒంటరిగా ఎత్తవు. జంతువుల్ని ఇలా విడదీసి రెండు క్యాసెట్లుగా అమ్మడం నింటెండో వాడి వ్యాపారమే, కాదనను. కానీ దానివల్ల తీగను జేబులో పెట్టుకుని మేం సైకిలు మీద పెదపరిమి పోయాం. తీగ పొట్టిది. ఇద్దరూ మోకాళ్లు తగిలేలా కూర్చుంటేనే అందుతుంది. తెలియని ఊళ్లో, పేరు తెలియని పిల్లవాడి ఎదురుగా అరుగు మీద అలా కూర్చున్నాం. వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చి, ఎవరబ్బాయివని, ఏ ఇంటి వాళ్లని అడిగి మూడో ప్రశ్నకు చుట్టరికం తేల్చింది. ఆ పిల్లవాడు నాకు వరసకు తమ్ముడయ్యాడు. మార్పిడి జరుగుతుండగా తీగ కదిపితే రెండువైపులా జంతువు పోతుందని అతని భయం, నా భయం కూడా. ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

2003తో ఇదంతా సర్దుకుపోయింది. ఆ ఏడాదే నింటెండో తన కొత్త మడత గేమ్‌బాయ్‌లో తెరకు దీపం, లోపల ఛార్జింగు బ్యాటరీ పెట్టేసింది. పద్నాలుగేళ్లపాటు బయటి కంపెనీలు అమ్ముకున్న దీపాలూ బ్యాటరీ ప్యాకులూ ఒక్క దెబ్బకు మూలపడ్డాయి. అదే యంత్రంలో ఇయర్‌ఫోన్ కంత తీసేసి, దానికి వేరే జోడింపు ముక్క కొనమన్నారు. ఒక లోటు పూడ్చి ఇంకోటి తవ్వడం ఆ వ్యాపారానికి కొత్త కాదు, ఇప్పటి సెల్‌ఫోన్ల వాళ్లూ అదే చేస్తున్నారు. మా ఊరికి ఆ మడత గేమ్‌బాయ్ రాలేదు. రావాల్సిన పని కూడా లేకపోయింది. అదే 2003లో 501 రూపాయలకే ఫోనంటూ రిలయన్స్ ఊరూరా తిరిగింది, నోకియా 1100 వచ్చింది. ఆ నోకియాలో పాము ఆట ఉంది, నెత్తిన టార్చి లైటు ఉంది, దుమ్ము దూరని రబ్బరు మీటలున్నాయి, ఒకసారి ఛార్జి చేస్తే రోజుల తరబడి వచ్చే బ్యాటరీ ఉంది. కల్లంలో మేం విడివిడిగా కట్టుకున్నవన్నీ ఒకే డబ్బాలో పెట్టి నాన్న జేబులో వేసినట్టయింది. దానికోసం తగువు మాత్రం మారలేదు. ఇదివరకు సెల్లు దాచిపెట్టినవాళ్లు ఇప్పుడు ఫోను దాచిపెట్టడం మొదలెట్టారు.

కల్లాలు ఇంకో పన్నెండేళ్లు నిలిచాయి. 2015లో ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధాని కోసం 29 ఊళ్లలో భూసమీకరణ మొదలయ్యాక మా వైపు చేలు చేతులు మారాయి. అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది, మరుసటేడు వెలగపూడిలో సచివాలయం వచ్చింది. కాయ ఆరబోసిన చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్లు, రోడ్లు.  ఇప్పటి పిల్లలకు రాత్రిపూట కాయకు కాపలా పడుకోవడమంటే ఏమిటో వివరించి చెప్పాలి. వీడియో గేముకి సెల్లు అయిపోతాయని చెబితే నమ్ముతారు, దానికోసం పత్తికట్టె చెక్కామంటే నమ్మరు.

ఒక్క విన్నపం. మీ అటకమీదో, పాత ట్రంకుపెట్టెలోనో ఇలాంటి డబ్బా ఉంటే ఇవాళే దించి వెనక మూత తీసి చూడండి. అందులో సెల్లు వదిలేసి ఉంటే కారి రేకుల్ని తినేస్తుంటాయి. అవి ఆల్కలైన్ సెల్లయితే ఆ తెల్ల బూజును వెనిగరులోనో నిమ్మరసంలోనో దూది ముంచి తుడవండి. మామూలు జింకు సెల్లయితే వంటసోడా కలిపిన నీళ్లు వాడండి. రెంటినీ కలపకండి. తుడిచాక పూర్తిగా ఆరనిచ్చి కొత్త సెల్లు వెయ్యండి. పోకెమాన్ క్యాసెట్టులో మీ ఆటను దాచిపెట్టే బిళ్లసెల్లు వేరే ఉంటుంది, దానికి పాతికేళ్లు దాటాయి. అది పోతే మీరు చేర్చినవన్నీ పోతాయి. ఇంకా బతికుంటే, చూడాల్సినవి ఇప్పుడే చూసుకోండి.